కొండ దిగే పాట

స్కీయింగ్ మీద ఒక జాజ్ ఆల్బమ్ ఉంది. పేరు 'బ్లాక్ డైమండ్'. 1997లో వచ్చింది. వాయించింది రిప్పింగ్‌టన్స్ అనే అమెరికన్ బృందం. దాన్ని స్థాపించి, పాటలు కట్టి, గిటారు వాయిస్తూ నడిపించేవాడు రస్ ఫ్రీమన్. అదే పేరుతో అంతకు ముందు తరంలో ఒక పియానో కళాకారుడు ఉండేవాడు, ఆయన వేరు. ఈయన నాష్‌విల్‌లో పుట్టినవాడు. 1986లో 'మూన్‌లైటింగ్' ఆల్బమ్‌తో ఈ బృందం పేరు బయటికొచ్చింది. ఆల్బమ్ అట్టల మీద కళ్ళద్దాల పిల్లి బొమ్మ కనిపిస్తే అది వీళ్ళదేనని అభిమానులు గుర్తుపడతారు.

నల్ల వజ్రం అంటే స్కీ కొండల మీద కనిపించే ఒక గుర్తు. దారి మొదట్లో స్తంభానికి కొట్టిన పలక మీద ఆకుపచ్చ సున్నా ఉంటే అది కొత్తవాళ్ళు దిగే వాలు. నీలం చదరం ఉంటే కాస్త చేయి తిరిగినవాళ్ళది. నల్ల వజ్రం ఉంటే బాగా నిటారు వాలు, విద్య బాగా వచ్చినవాళ్ళే దిగాలి. అమెరికా స్కీ కేంద్రాల సంఘం 1968లో ఈ గుర్తులను దేశమంతటికీ ఖాయం చేసింది. వాటి వెనక వాల్ట్ డిస్నీ సంస్థ కృషి ఉంది. కాలిఫోర్నియాలో మినరల్ కింగ్ అనే లోయలో ఆ సంస్థ పెద్ద స్కీ కేంద్రం కట్టాలనుకుంది. ఏ ఆకారం, ఏ రంగు చూస్తే మనిషికి ప్రమాదం స్ఫురిస్తుందో అందుకోసమే పరిశీలించింది. దాన్ని ఆపాలని సియెరా క్లబ్ అనే పర్యావరణ సంఘం కోర్టుకెక్కింది, 1972లో వ్యవహారం సుప్రీం కోర్టు దాకా పోయింది, చివరికి 1978లో ఆ లోయ సెకోయా జాతీయ పార్కులో కలిసిపోయింది. కట్టాలనుకున్న కేంద్రం లేకుండా పోయి, దాని కోసం ఆలోచించిన గుర్తులు మాత్రం దేశంలోని ప్రతి స్కీ కొండ మీదికీ ఎక్కాయి.

ఆల్బమ్‌లో 'డీప్ పౌడర్' అని ఒక పాట ఉంది. పౌడర్ అంటే రాత్రి కురిసి ఎవరూ తొక్కని మెత్తటి మంచు. రాకీ పర్వతాల మీద చలి ఎక్కువ, గాలి పొడి. అందుకే అక్కడి మంచు తేలిక. దోసిట్లోకి తీసుకుని ఊదితే ఎగిరిపోతుంది. కాలిఫోర్నియా సియెరా పర్వతాల మీద సముద్రపు తేమ వల్ల అదే మంచు బరువుగా పడుతుంది. అక్కడివాళ్ళు దాన్ని సిమెంటు అంటారు. కొత్త మంచులో గాలి గదులు ఎక్కువ, అవి శబ్దాన్ని పీల్చుకుంటాయి. రాత్రంతా కురిసిన మర్నాడు కొండ మీద అడుగు పెడితే చెవులకు అది ముందు తెలుస్తుంది, కళ్ళకు తరవాత.

డెన్వర్ నుంచి పడమరకు పోయే ఐ-70 రోడ్డు మీద కారులో ఈ ఆల్బమ్ వినడం నాకు ఇష్టం. మైలు ఎత్తున ఉన్న ఊళ్ళో బయల్దేరి, 11,000 అడుగులు దాటిన ఎత్తులో ఐసెన్‌హోవర్ సొరంగంలోకి దూరుతాం. సొరంగం నెత్తిన అమెరికా ఖండపు నీళ్ళను పంచే శిఖరరేఖ నడుస్తుంది. ఇవతల పడిన చుక్క అట్లాంటిక్ వైపుకు, అవతల పడింది పసిఫిక్ వైపుకు. సొరంగం పైనా పక్కనా లవ్‌లాండ్ స్కీ వాలులు. ఇంత ఎత్తుకు చేరేదాకా మనం చేసింది కుర్చీలో కూర్చోవడమే. అక్కడి నుంచి కుర్చీలాంటి లిఫ్టే మళ్ళీ పైకి తీసుకుపోతుంది. శరీరం, మనసు, నైపుణ్యం పని మొదలుపెట్టేది శిఖరం మీద, దిగడంతో. ఈ ఆల్బమ్ నాకు పట్టుబడింది ఆ సంగతి తట్టినప్పుడే. ఇది మొదటి నుంచి చివరి దాకా కొండ దిగే సంగీతం.

మనకు కొండ అంటే ఎక్కడం. అలిపిరి నుంచి తిరుమలకు మూడున్నర వేల మెట్లు. గాలి గోపురం దాకా ఊపిరి తీయనివ్వని నిటారు మెట్లు, ఆఖర్న మోకాళ్ళ పర్వతం. ఆ దారంతా గోవింద నామం మోగుతుంటుంది. మొక్కులో ఉండేది ఎక్కడమే. 'కొండ ఎక్కి వస్తానని మొక్కుకున్నాను' అంటాం, దిగి వస్తానని ఎవరూ మొక్కుకోరు. దర్శనమయ్యాక బస్సెక్కి వచ్చేస్తాం. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగేవాళ్ళది. ఆ మలుపుల్లో సగం బస్సు నిద్రలో ఉంటుంది, ఇంకో సగం లడ్డూ సంచులు ఒళ్ళో పెట్టుకుని కిటికీ రాడ్డు పట్టుకుని ఉంటుంది. నడిచి దిగిన పెద్దవాళ్ళను అడగండి, ఎక్కేటప్పుడు ఊపిరికి కష్టం, దిగేటప్పుడు మోకాళ్ళకు కష్టం అని చెబుతారు. అయినా దిగడానికి మన దగ్గర పాట లేదు.

పడమటివాళ్ళదీ చాలాకాలం ఇదే తీరు. రిచర్డ్ స్ట్రాస్ 1915లో 'ఆల్పైన్ సింఫనీ' అని పెద్ద ఆర్కెస్ట్రాతో ఒక పర్వతాన్ని కట్టాడు. తెల్లవారుజాము, అడవి, వాగు, జలపాతం, మంచునది, శిఖరం, అన్నీ ఒక్కొక్కటే ఓపిగ్గా వస్తాయి. శిఖరం మీద ఆర్కెస్ట్రా మొత్తం నిలబడి చూస్తుంది. తరవాత గాలివాన పట్టుకుంటుంది, ఎక్కేటప్పుడు కనబడినవన్నీ చివర నుంచి మొదటికి గబగబా వెనక్కి పరుగెడతాయి. అంత గొప్ప సంగీతంలోనూ దిగడమంటే తప్పించుకుని రావడమే.

దిగడానికి సొంత గౌరవం ఎప్పుడు వచ్చిందంటే ఎక్కే శ్రమను యంత్రం తీసుకున్నాక వచ్చింది. 1936లో యూనియన్ పసిఫిక్ రైల్వే అధిపతి ఎవరెల్ హారిమన్, చలికాలంలో రైళ్ళకు ప్రయాణికులు కావాలని ఐడహో రాష్ట్రంలో సన్ వ్యాలీ అనే స్కీ విడిది కట్టించాడు. స్కీలు తగిలించుకున్న మనుషులను పైకి చేర్చడం ఎలా అన్నది ప్రశ్న. అంతకు ముందు దాకా ఎక్కువగా తాడు పట్టుకుని ఈడిపించుకోవడమో, నడవడమో. ఆ కంపెనీలో జేమ్స్ కరన్ అనే ఇంజనీరు ఉన్నాడు. ఉష్ణదేశాల రేవుల్లో అరటి గెలలను కొక్కేలకు తగిలించి ఓడల్లోకి ఎక్కించే ఏర్పాటు మీద ఆయన గతంలో పని చేశాడు. కొక్కెం తీసేసి కుర్చీ తగిలించాడు. ప్రపంచంలో మొదటి చెయిర్‌లిఫ్ట్ అదే. అరటి గెల ఎక్కే పద్ధతిలో మనిషి శిఖరం చేరాడు. అప్పటి నుంచి కొండ మీద రోజంతా గడిపే మనిషి రోజంతా దిగుతూనే ఉంటాడు.

జాజ్, స్కీయింగ్ అక్కడే కలిశాయి. 1941లో 'సన్ వ్యాలీ సెరినేడ్' అనే సినిమా వచ్చింది. అందులో గ్లెన్ మిల్లర్ బ్యాండు వాయించింది. మిల్లర్ కొలరాడోలోని ఫోర్ట్ మోర్గాన్‌లో బడికి వెళ్ళినవాడు, బౌల్డర్ విశ్వవిద్యాలయంలో కొన్నాళ్ళు చదివి మానేసినవాడు. సినిమాలో అందరికీ గుర్తుండిపోయింది మాత్రం మంచు కొండ పాట కాదు, 'చట్టనూగా చూ చూ' అనే రైలు పాట. 1942 ఫిబ్రవరిలో ఆ రికార్డుకు బంగారు పూత పూసి మిల్లర్‌కు బహూకరించారు. గోల్డ్ రికార్డు అన్న మాట దానితోనే మొదలైందంటారు. ఆ పాటలో నికొలస్ సోదరుల నాట్యం, డొరతీ డాండ్రిడ్జ్ గానం ఉన్నాయి. ముగ్గురూ నల్లజాతి కళాకారులు. ఆ రోజుల్లో హాలీవుడ్ ఇలాంటి నాట్య ఘట్టాలను కథతో అతుక్కోకుండా విడిగా ఉంచేది, వర్ణవివక్ష పాటించే అమెరికా దక్షిణాది థియేటర్లు కావాలంటే కత్తిరించుకోవడానికి. జాజ్‌ను పుట్టించినవాళ్ళు మంచు కొండ సినిమాలోకి అలా పక్క తలుపు గుండా వచ్చారు.

వాళ్ళు ముందు తలుపు గుండా రావడానికి 1973 దాకా ఆగాల్సి వచ్చింది. లాస్ ఏంజలెస్ నుంచి బెన్ ఫిన్లీ, షికాగో నుంచి ఆర్ట్ క్లే కలిసి దేశంలోని 13 నల్లజాతి స్కీ క్లబ్బులను కొలరాడోలోని ఆస్పెన్‌కు పిలిచారు. 350 మంది దాకా వచ్చారు. అందులోంచి నేషనల్ బ్రదర్‌హుడ్ ఆఫ్ స్కీయర్స్ పుట్టింది. ఇప్పటికీ వాళ్ళ సమావేశాల్లో పగలు వాలులు, రాత్రి సంగీతం. ఆ ఇద్దరికీ ఆ తరవాత అమెరికా స్కీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది. స్కీయింగ్ ఖరీదైన సరదా, తెల్లవాళ్ళ సరదా అనే మాటకు వాళ్ళు వందల మందిగా వచ్చి జవాబు చెప్పారు. మన తెలుగు కుటుంబాలు పిల్లల్ని తీసుకుని కీస్టోన్‌కో బ్రెకెన్‌రిడ్జ్‌కో వెళ్ళి, అద్దె బూట్లు బిగించుకుని, ఎవరి మొహం చూడకుండా ధైర్యంగా లిఫ్ట్ లైన్లో నిలబడగలుగుతున్నాయంటే ఆ దారి ముందు తొక్కినవాళ్ళు వేరే ఉన్నారు. ఈ సంగతి మన పిల్లలకు ఆ లైన్లోనే చెప్పాలని నా కోరిక.

నేను స్కీయింగ్ నలభై దాటాక నేర్చుకున్నాను. గోదావరి జిల్లాలో పుట్టిన శరీరానికి వాలు అంటే కాలవ గట్టు. మొదటి పాఠంలో టీచరు చెప్పిన మాట ఒక్కటే: గుండెను లోయ వైపు పెట్టండి. కింద లోతు కనబడగానే శరీరం తనంతట తాను వెనక్కి, కొండ వైపుకు వాలుతుంది. కొండే రక్ష అనుకుంటుంది. అలా వాలగానే స్కీల ముందు భాగం మీద బరువు తగ్గుతుంది. స్కీలు తిరిగేది ఆ ముందు భాగంతో. బరువు లేకపోతే అవి మాట వినవు, నేరుగా పోతాయి. భయపడి వెనక్కి వాలినవాడికే వేగం పెరుగుతుంది. ముందుకు వంగి, ఆ లోతుకే ఛాతీ అప్పగించినవాడి చేతిలో వేగం ఉంటుంది.

మలుపులో ఇంకో విషయం ఉంది. కొండ మీద నీళ్ళు పోస్తే అవి ఏ గీత వెంట కిందికి పోతాయో ఆ గీతను దాటుతూ, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూ దిగాలి. తిరిగేటప్పుడు ఒక అంచు వదిలి ఇంకో అంచు పట్టుకోవాలి. ఆ రెంటికీ నడుమ ఒక క్షణం స్కీలు ఏ అంచు మీదా ఉండవు, బల్లపరుపుగా ఉంటాయి, ఏమీ పట్టుకోవు. ఆ క్షణాన్ని నమ్మడమే విద్య. అప్పుడే కొత్త అంచు మంచును కోస్తుంది, మలుపు గుండ్రంగా వస్తుంది. అలా ఒకదాని వెనక ఒకటి మలుపులు కుదిరితే వాటికి ఒక కాలప్రమాణం ఏర్పడుతుంది. లెక్క పెట్టాల్సిన పని ఉండదు. మోకాళ్ళే తాళం వేస్తాయి.

'డీప్ పౌడర్' వింటుంటే నాకు వినబడేది అదే. గిటారు ఒక వాక్యం తీసుకుని సాగి, దాని చివర ఒక క్షణం ఎక్కడా నిలబడదు. అంతలో సాక్సొఫోన్ అందుకుంటుంది. ఆ రోజుల్లో బృందంలో సాక్సొఫోన్ జెఫ్ కషివాది. కింద డ్రమ్స్ ఒక్క గీత వెంట నడుస్తుంటాయి. ఎక్కడా ఉలికిపాటు లేదు, ఎక్కడా తటపటాయింపు లేదు. ఒకే బాణీ పదే పదే వచ్చినా ప్రతిసారీ కొంచెం కింద నుంచి వచ్చినట్టుంటుంది.

ఈ సంగీతాన్ని స్మూత్ జాజ్ అంటారు. జాజ్ పండితులకు ఇది పడదు. 1987 ఫిబ్రవరి 14న లాస్ ఏంజలెస్‌లో ఒక పాత రాక్ స్టేషన్ మూతపడి, దాని స్థానంలో 'ది వేవ్' అనే రేడియో మొదలైంది. మొదట్లో మాట్లాడేవాళ్ళు కూడా లేరు, సంగీతం మాత్రమే. ఆ దారిలో ఊరూరా స్టేషన్లు వచ్చాయి. ఇరవై ఏళ్ళు వెలిగి, 2008లో న్యూయార్క్ స్టేషన్, 2009లో షికాగో స్టేషన్ ఆ బాణీ వదిలేశాయి. ఈలోగా ఈ సంగీతం దంతవైద్యుడి వరండాలోకీ, హోటలు లిఫ్టులోకీ, వెదర్ ఛానల్‌లోకీ వెళ్ళింది. మా ఊళ్ళో ఎంత మంచు పడుతుందోనని ఆ ఛానల్ పెట్టుకుని కూర్చున్న రాత్రులు నాకు గుర్తే. తెర మీద అంకెలు మారుతుంటే వెనక సాక్సొఫోన్ వినబడేది. అమెరికా వచ్చిన చాలామంది తెలుగువాళ్ళు జాజ్ మొదట విన్నది అలాగేనని నా నమ్మకం, అది జాజ్ అని తెలియకుండానే.

2000 ప్రాంతంలో గిటారిస్టు ప్యాట్ మెథినీ కెన్నీ జీని కోపంగా దుయ్యబట్టాడు. చనిపోయిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు మీద కెన్నీ జీ తన సాక్సొఫోన్ అతికించాడని ఆయన బాధ. ఆ బాధ న్యాయమైనదే. కెన్నీ జీ 'మూన్‌లైటింగ్' ఆల్బమ్‌లోనూ వాయించాడు కాబట్టి ఆ కోపపు వేడి ఈ బృందం దాకా కూడా తగిలింది. కానీ నున్నగా ఉన్నదంతా సులువుగా పుట్టిందనే వాదనను నేను ఒప్పుకోను. మృదంగం తెలిసినవాళ్ళను సర్వలఘు గురించి అడగండి. గమ్మత్తు లెక్కలు లేకుండా, మోరాలు పేర్చకుండా, పాట వెంట అలా నడుచుకుంటూ పోయే వాయింపు అది. కచేరీలో దానికి చప్పట్లు పడవు. కానీ ఆ నడక అరగంట పాటు ఒక్క తొట్రుపాటు లేకుండా నిలబెట్టడం ఎంత కష్టమో వాయించేవాళ్ళు చెబుతారు. దాని మీద పాట ఎంత హాయిగా కూర్చుంటుందో పాడేవాళ్ళు చెబుతారు.

నల్ల వజ్రపు వాలు మీద నిజమైన నేర్పరి దిగుతుంటే చూసేవాళ్ళకు ఏమీ జరగనట్టే ఉంటుంది. చేతులు ఊగవు, తల ఊగదు, మంచు దుమ్ము పెద్దగా లేవదు. తడబడేవాడే చూడ్డానికి వీరుడిలా ఉంటాడు. ఈ ఆల్బమ్‌కు ఫ్రీమన్ ఆ పేరు పెట్టడంలో ఒక వాదన ఉందని నాకనిపిస్తుంది: అతి నిటారు దారిని అతి నునుపుగా దిగడం. ఆల్బమ్ వచ్చిన కాలానికి ఇంకో విశేషం కూడా కలిసింది. అంతకు ముందు స్కీలు దాదాపు తిన్నటి పలకలు. 1990ల్లో స్లొవేనియాకు చెందిన ఎలాన్ కంపెనీ నడుము సన్నగా, ముందూ వెనకా వెడల్పుగా ఉండే స్కీలు తెచ్చింది. అంచు మీద వాలిస్తే చాలు, అవే గుండ్రటి గీత గీస్తాయి. 'బ్లాక్ డైమండ్' విడుదలయ్యేనాటికి అమెరికా కొండల మీద పాత స్కీలు పోయి ఇవి వస్తున్నాయి. మలుపులు గీకుడు మాని కోతలయ్యాయి. మంచు మీద మిగిలే గీత సన్నబడింది, కొండ మీది శబ్దమే మారిపోయింది.

ఈ ఆల్బమ్‌కు ముందు మంచు మీద జాజ్ లేదని కాదు. 1980లో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్‌లో చలికాలపు ఒలింపిక్స్ జరిగాయి. టెలివిజన్ ప్రసారాల కోసం చక్ మాంజియోనీ 'గివ్ ఇట్ ఆల్ యు గాట్' అనే బాణీ కట్టాడు. ముగింపు సభలో తనే వచ్చి వాయించాడు. ఆయన వాద్యం ఫ్లూగల్‌హార్న్, ట్రంపెట్‌కు దగ్గర చుట్టం, గొంతు మాత్రం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. ఒలింపిక్స్‌లో కృత్రిమ మంచు వాడింది అప్పుడే మొదటిసారి. ఆ మంచు మీదే స్వీడన్ వీరుడు ఇంగెమార్ స్టెన్‌మార్క్ రెండు బంగారు పతకాలు గెలిచాడు. మాంజియోనీ 2025 జులైలో తన సొంత ఊరు రాచెస్టర్‌లో కన్నుమూశాడు. ఆ బాణీ నాకు చాలా ఇష్టం. కానీ అది గెలుపు కోసం కట్టింది, స్వరాలు పైపైకి ఎగబాకుతాయి. ఫ్రీమన్ ఆల్బమ్‌లో పందెం లేదు, గడియారం లేదు.

ఇక్కడ నాకు మన సంగీతం గుర్తొస్తుంది. రాగానికి ఆరోహణ ఎంత ముఖ్యమో అవరోహణ అంత ముఖ్యం. కొన్ని రాగాలకు అవరోహణే ప్రాణం. మోహనం, బిలహరి రెండూ ఒకే మెట్ల మీద పైకి వెళ్తాయి: స రి గ ప ద స. పైకి వెళ్ళేదాకా ఏది ఏదో చెప్పడం కష్టం. మోహనం వచ్చిన దారినే దిగుతుంది. బిలహరి మాత్రం పైన నిషాదం తాకి, మధ్యమం తాకి, ఏడు స్వరాల మీదుగా దిగుతుంది. అప్పుడు తెలుస్తుంది అది బిలహరి అని. శుద్ధసావేరికీ ఆరభికీ ఇదే వరస. రాగం తన మొహం చూపించేది దిగేటప్పుడు. ఇంత సూక్ష్మంగా దిగడాన్ని పట్టించుకున్న సంగీతం మనది. కొండ దగ్గరికి వచ్చేసరికే ఎందుకో ఎక్కడం మీదే ఆగిపోయాం.

సాహిత్యంలోనూ అంతే. తెలుగులో మంచు కొండ అనగానే గుర్తొచ్చేది పెద్దన ప్రవరుడు. అరుణాస్పదపురం దాటని గృహస్థు, ఊళ్ళు చూడాలన్న కోరిక మాత్రం ఆరనివాడు. సిద్ధుడు ఒక లేపనం ఇస్తాడు, కాళ్ళకు రాసుకుని హిమాలయం చేరిపోతాడు. అక్కడ ఆయన చూసిన దృశ్యాన్ని చెప్పే చంపకమాల తెలుగు నేర్చినవాళ్ళకు ఎంతమందికి కంఠస్థమో. ఆకాశాన్ని అంటే శిఖరాలు, వాటి మీద నుంచి దూకే సెలయేళ్ళు, ఆ అలల చప్పుడే మృదంగమై నెమళ్ళను ఆడించడం. కొండను కళ్ళతో పాటు చెవులతో చూసిన పద్యం అది. విజయనగరంలో, రాయలవారి కొలువులో కూర్చుని హిమాలయాన్ని తాళవాద్యంగా విన్నాడు పెద్దన. ఫ్రీమన్ గిటారుతో చేసింది అదే పని అనుకుంటాను, కొండను శబ్దంలోకి మార్చడం.

తరవాతి కథ అందరికీ తెలుసు. మంచుకు లేపనం కరిగిపోతుంది. ప్రవరుడికి ఇంటికి పోయే దారి లేదు. వరూధిని ఎదురవుతుంది, ఆయన కాదంటాడు, చివరికి అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరతాడు. ఇన్నేళ్ళూ ఆ కథను నిగ్రహం కథగా చదివాను. స్కీల అడుగున మైనం రాయడం నేర్చుకున్నాక అందులో ఇంకో కథ కూడా కనబడింది: పైకి చేరే ఉపాయం ఉండి, దిగే ఉపాయం లేని మనిషి కథ. స్కీ అడుగున రాసే మైనం మంచు చలిని బట్టి మారుతుంది. గట్టి చలికి గట్టి మైనం, ఎండ పొడ తగిలిన మంచుకు మెత్తటిది. ఇస్త్రీ పెట్టెతో కరిగించి రాస్తారు, చల్లారాక గీకేస్తారు, బ్రష్ పట్టిస్తారు. మంచు రాపిడికి అది అరిగిపోతుంది, మళ్ళీ రాయాలి. మంచుకూ లేపనానికీ మధ్య వైరం పెద్దనకు తెలుసు. పందేల్లో వాడే ఫ్లోరిన్ మైనాల వల్ల మట్టికీ నీటికీ హాని జరుగుతోందని 2023-24 సీజను నుంచి అంతర్జాతీయ స్కీ సమాఖ్య వాటిని నిషేధించింది కూడా. ప్రవరుడి లేపనం మీద అంత పరిశోధన చేసిన సిద్ధుడు, కరిగితే ఏం చేయాలో చెప్పకుండా పంపించాడేమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అమెరికా వచ్చిన మా తరానికి ఎక్కడం బాగా వచ్చు. ర్యాంకు, వీసా, ఉద్యోగం, ఇల్లు, ప్రతిదీ ఒక మెట్టు, ప్రతి మెట్టుకూ ఒక మొక్కు. యాభై దాటుతుంటే దిగడం మొదలైంది. పిల్లలు కాలేజీలకు వెళ్ళారు, ఆఫీసులో మనకన్నా చిన్నవాళ్ళు ముందుకు వచ్చారు, అక్కడ ఊళ్ళో అమ్మానాన్నల గొంతు ఫోన్లో సన్నబడింది. ఈ వాలు మీద వెనక్కి వాలి కొండను పట్టుకోవాలనే అనిపిస్తుంది. నా వయసు స్నేహితుల మొహాల్లో ఆ బిగుసుకోవడం చూస్తున్నాను. మంచు మీద నేర్చుకున్నదే ఇక్కడా పనికొస్తోంది. గుండెను లోయ వైపు పెట్టడం, అంచు మారే ఆ క్షణంలో దేన్నీ పట్టుకోకుండా ఉండగలగడం. అది ఓటమి కాదని నాకు ఏ పుస్తకమూ ఇంత నచ్చజెప్పలేదు. మాటల్లేని ఒక గిటారు చెప్పింది. అందుకే ఈ ఆల్బమ్‌ను తేలిక సంగీతం అని ఎవరన్నా నాకు కోపం వస్తుంది.

ఇలాంటిది మనవాళ్ళు ఒకటి చేయాలి. చేయగల విద్య మన దగ్గరుంది. పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్ ఆ చిన్న వాద్యం జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టి, గమకాలు పలికించి, జాన్ మెక్‌లాఫ్లిన్ అనే జాజ్ గిటారిస్టు పక్కన కూర్చుని రిమెంబర్ శక్తి కచేరీల్లో ఊగించాడు. 2014లో ఆయన పోయాడు, కానీ ఆ దారి మూసుకోలేదు. అమెరికాలో పుట్టి, శనివారాలు వీణ పాఠానికీ ఆదివారాలు స్కీ పాఠానికీ వెళ్ళే తెలుగు పిల్లలు ఇప్పుడు డెన్వర్‌లోనూ సియాటిల్‌లోనూ ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా పూనుకుంటే నా మనవి ఇది. మాటలు వద్దు. ఆది తాళం, మధ్యమ కాలం, మృదంగం సర్వలఘులో నడవాలి. మొదట బిలహరి, తరవాత ఆరభి. వీణ మీద పై షడ్జం నుంచి కిందికి జారే జారు గమకాలకు కావలసినంత చోటు ఇవ్వాలి. మొదటి పాట మోకాళ్ళ పర్వతం దగ్గర పొద్దున్నే మొదలుపెట్టి, గాలి గోపురం దాటించి, అలిపిరి దాకా కాళ్ళు నొప్పి పుట్టకుండా దింపాలి. రెండో పాట లవ్‌లాండ్ శిఖరం మీద నుంచి.